ఫైలుంది... పదాలేవి?

కంప్యూటర్లో బంగారంలా పనిచేస్తుంది. ఫోన్లోకి వెళ్లేసరికి మొరాయిస్తుంది. తెరమీద ఒకే ఒక్క ముక్క... 'నో సచ్ టేబుల్'. అంటే, మీరడిగిన పట్టిక ఇక్కడ లేదు పొమ్మని! స్వయంగా తయారుచేసి, కళ్లారా చూసి మరీ పంపినదాన్ని లేదంటుంటే ఎవరికైనా ఒళ్లు మండదూ? మొబైల్ యాప్‌లు తయారుచేసేవాళ్లలో చాలామందికి ఈ మంట అనుభవమే. చిత్రమేమిటంటే, ఆ సందేశం అబద్ధం చెప్పదు. కాకపోతే జరిగిందంతా చెప్పదు, అంతే!

ఓ కుర్రాడున్నాడనుకుందాం. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు సొంత సరదా. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువును ఫోన్లో పెట్టాలన్నది అతని కోరిక. రైల్లో ఉన్నా, సిగ్నల్ అందని పల్లెలో ఉన్నా మాట కొట్టగానే అర్థం కనిపించాలి. అలా జరగాలంటే పదాలన్నీ యాప్‌తోపాటే ఫోన్లోకి వెళ్లాలి. ఇలాంటి పనికి ఎక్కువమంది వాడేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్.

దాని పుట్టుక వెనకా ఇలాంటి ఇబ్బందే ఉంది. అమెరికా నౌకాదళానికి చెందిన ఓ యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్న రిచర్డ్ హిప్‌కు ఓ చిక్కొచ్చిపడింది. డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ప్రోగ్రామూ చేతులెత్తేసేది. అసలు సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే? ఆ ఆలోచనతో 2000లో తయారైందే ఎస్‌క్యూలైట్. డేటా మొత్తం మామూలుగా ఒకే ఒక్క ఫైల్లో ఇమిడిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ అది ముందే అమర్చి ఉంటుంది.

ఒకే ఫైలు కదా, యాప్‌లో పడేస్తే సరిపోదా? సరిపోదు. కథంతా అక్కడే.

మూటలో ఉంటే చాలదు

ఆండ్రాయిడ్ యాప్ అంటే ఓ జిప్ మూట. 'అసెట్స్' ఫోల్డర్లో పెట్టిన ఫైలు ఫోన్లోకి చేరాక కూడా ఆ మూటలోనే ఉంటుంది. దానికంటూ సొంత చిరునామా ఉండదు. ఎస్‌క్యూలైట్‌కేమో చిరునామా ఉన్న మామూలు ఫైలే కావాలి. అందుకే యాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు ఆ ఫైలును మూటలోంచి తీసి, యాప్ సొంత డేటాబేస్ ఫోల్డర్లోకి కాపీ చేసుకోవాలి. ఐఫోన్ తీరు వేరు. అక్కడ యాప్‌లోని ఫైలును చదవొచ్చు, అందులో రాయడం మాత్రం కుదరదు. రాయబోతే 'రీడ్ ఓన్లీ' అని కసురుకుంటుంది. రాసే అవసరం ఉంటే అక్కడా కాపీ తప్పదు.

పాత ఆండ్రాయిడ్‌లో ఇంకో తమాషా ఉండేది. 2.3 వెర్షన్ రాకముందు, మూటలో కుదించి పెట్టిన ఫైలు అసలు సైజు 1 ఎంబీ దాటితే తెరుచుకునేది కాదు. పాటల ఫైళ్లను మాత్రం మూట కట్టేటప్పుడు కుదించేవారు కాదు. అది కనిపెట్టిన ప్రోగ్రామర్లు డేటాబేస్ పేరు చివర ఎంపీ3 అని తగిలించి పంపేవారు. నిఘంటువుకు పాట వేషమన్నమాట!

అసలు దొంగ ఎవరు?

ఎస్‌క్యూలైట్‌కు మొహమాటం ఎక్కువ. తెరవమన్న ఫైలు లేకపోతే మామూలుగా 'లేదు' అనదు. ఆ పేరుతో అప్పటికప్పుడు ఓ ఖాళీ డేటాబేస్‌ను సృష్టించి తెరిచేస్తుంది. అందులో పదాల పట్టిక ఎక్కణ్నుంచి వస్తుంది? దాంతో 'పట్టిక లేదు' అంటుంది. పోయింది ఫైలు... ఫిర్యాదు మాత్రం పట్టిక మీద!

చిక్కు అక్కడితో ఆగదు. కుర్రాడు తన తప్పు పట్టుకుని కాపీ చేసే కోడ్‌ను సరిదిద్దుతాడు. అయినా అదే సందేశం! కారణం... మొన్న పుట్టిన ఖాళీ ఫైలు ఫోన్లో ఇంకా అలాగే ఉంది. 'ఫైలు ఉందా? ఉంది. ఇక కాపీ అక్కర్లేదు' అనుకుని యాప్ ముందుకెళ్లిపోతోంది. యాప్‌ను ఒకసారి పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కిస్తే గానీ ఆ దయ్యం వదలదు. తెరిచేటప్పుడే 'లేకపోతే కొత్తది సృష్టించొద్దు' అని ఎస్‌క్యూలైట్‌కు చెప్పొచ్చు. అప్పుడు 'ఫైలు తెరవలేకపోతున్నా' అంటూ అసలు నిజం బయటపెడుతుంది.

పేరులో ఒక్క అక్షరం చాలు కొంప ముంచడానికి. మ్యాక్ కంప్యూటర్ మామూలుగా ఇంగ్లిష్ పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూడదు. ఐఫోన్ చూస్తుంది. సిమ్యులేటర్లో చక్కగా ఆడిన యాప్ చేతిలోని ఫోన్లో చతికిలబడేది అందుకే. ఇల్లు అలకగానే పండగ కాదు మరి! కాపీ సగంలో ఆగిపోతే ఇంకో తంటా. 'డేటాబేస్ పాడైంది' అన్న సందేశం వస్తుంది. ముందు తాత్కాలిక పేరుతో కాపీ చేసి, మొత్తం చేరాకే అసలు పేరు పెడితే ఆ బాధ ఉండదు.

2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చినప్పుడు, అప్పటిదాకా బాగున్న యాప్‌లు కొన్ని ఉన్నట్టుండి ఇదే పాట అందుకున్నాయి. కొత్తగా రాసిన సమాచారాన్ని ముందు పక్కనే మరో చిన్న ఫైల్లో ఉంచే పద్ధతి ఆ వెర్షన్‌తో మామూలు అలవాటైంది. అసలు ఫైలును మార్చి పక్క ఫైలును పాతదే వదిలేస్తే రెండిటికీ పొత్తు కుదరదు. డేటాబేస్‌ను మూసి, పాత పక్క ఫైళ్లను తీసేశాకే కొత్తది పెట్టాలి.

నాయనమ్మ మాటలు

ఇంతవరకూ పోయింది కుర్రాడి నిద్రే. వాడేవాళ్ల సొత్తుకు ముప్పు వచ్చేది అప్‌డేట్‌తోనే.

నిఘంటువులో తప్పులు దిద్ది కొత్త వెర్షన్ వదిలాడనుకుందాం. కాపీ చెయ్యకపోతే దిద్దిన పదాలు ఎవరికీ చేరవు. పాతదాని మీదే కాపీ చేస్తే? ఎక్కడో ఒకావిడ తన నాయనమ్మ నోట విన్న మాటల్ని ఒక్కొక్కటే వెతికి, గుర్తు పెట్టుకుని, పక్కన నాలుగు ముక్కలు రాసుకుని ఉంటుంది. అవన్నీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోతాయి. ఈసారి ఏ సందేశమూ రాదు. యాప్ దృష్టిలో అంతా సవ్యంగానే జరిగింది కాబట్టి!

మందు తేలికే. యాప్ ఇచ్చే పదాలు ఒక ఫైల్లో, వాడేవాళ్లు రాసుకునేవి వేరే ఫైల్లో. మొదటిదాన్ని ఎన్నిసార్లయినా మార్చొచ్చు. రెండోదాని జోలికి వెళ్లకూడదు. గూగుల్ వారి 'రూమ్' లైబ్రరీ 2019 నాటి 2.2 వెర్షన్ నుంచి కాపీ పని తానే చేసిపెడుతోంది. కానీ ఏది చెరపొచ్చో, ఏది చెరపకూడదో దానికేం తెలుసు? అది తయారుచేసేవాళ్లే చూసుకోవాలి.

యాప్‌ను జనంలోకి వదిలేముందు రెండు పరీక్షలు చాలా మేలు చేస్తాయి. ఒకటి... యాప్‌ను పూర్తిగా తీసేసి, కొత్తగా ఎక్కించి, ఇంటర్నెట్ ఆపేసి ఓ మాట వెతకడం. రెండోది... పాత వెర్షన్‌లో నాలుగు మాటలు గుర్తుపెట్టి, దానిమీద కొత్త వెర్షన్ ఎక్కించి చూడటం. బ్రౌన్ నిఘంటువు చేరిందో లేదో మొదటిది చెబుతుంది. నాయనమ్మ మాటలు మిగిలాయో లేదో రెండోది చెబుతుంది.