గాలికి కూడా కిరాయే

పోయిన సంక్రాంతికి ముందు కొరియర్ దుకాణం కాడ ఒక పిల్లగానితోని కొట్లాడిన. తప్పు నాదే అని తెలిసేసరికి వారం పట్టింది. మన బస్తీలో రజాయీలు, పాపడాలు, కుర్డాయీలు చేసి దూరమున్న చుట్టాలకు, గిరాకీలకు పంపే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తగిలిన దెబ్బ వాళ్లకు తగలొద్దని ఇది రాస్తున్నాను.

నేను దూది రజాయీలు కుడతాను. పైకి పాత నూలు చీర, లోపల కొత్త దూది. సూరత్‌లో మా ఆడబిడ్డ ఉంటుంది. ఆమె ఇంటి పక్కవాళ్లు రెండు రజాయీలు అడిగారు. ఒక్కొక్కటి కిలో 800 గ్రాములు. కిరాణా దుకాణంలో పెద్ద అట్టపెట్టె అడిగి తెచ్చి, నలగకుండా మెత్తగా పెట్టిన. కొరియర్ రేటు కిలోకు 60 రూపాయలు. నాలుగు కిలోలైతే 240 అని లెక్కేసి, గిరాకీల దగ్గర పంపుడు ఖర్చు 250 తీసుకున్న.

కాటా మీద పెడితే సరిగ్గా 4 కిలోలే వచ్చింది. కానీ ఆ పిల్లగాడు టేపు తీసి పెట్టె కొలిచిండు. పొడుగు 50 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 30. మూడూ గుణించి 5000తో భాగించి, "12 కిలోలు, 720 రూపాయలు మావశీ" అన్నడు.

నాకు మండింది. "కాటా నాలుగు చూపుతుంటే పన్నెండు ఎక్కడికెళ్లి తెచ్చినవ్? చదువు రానోళ్లమని మోసం చేస్తవా?" అని పదిమంది ముందల అడిగిన. వాడు తల వంచుకొని, "రూలు మావశీ" అన్నడు. మాటిచ్చిన కాబట్టి పైసలు కట్టిన. 470 రూపాయలు నా మీద పడ్డాయి. రెండు రజాయీల కుట్టుకూలి దాంట్లోనే పోయింది.

ఇంట్లో మా ఆయన ఒకటే మాట అన్నడు: "చేతి పైసలు పెట్టి పంపుడెందుకు? బందు పెట్టు." అప్పటికే భివండి నుంచి ఒక పెండ్లికి పది రజాయీలు కావాలని ఫోన్ వచ్చి ఉంది. ఆ పైసలతోనే బిడ్డ కాలేజీ ఫీజు రెండో కిస్తు కట్టాలనుకున్న. పది రజాయీలు అయిదు పెట్టెలు. పెట్టెకు 720 చొప్పున 3600. గిరాకీని అంత అడిగితే వద్దంటారు, నేను పెట్టుకుంటే మునుగుతా.

మా బాపు మంచంలో కూసొని అంతా వింటున్నడు. ఉస్మాన్‌షాహీ మిల్లులో బ్లోరూం ఖాతాలో పనిచేసిన మనిషి. మా తాత నిజామాబాద్ దిక్కు నుంచి ఈ మిల్లు పనికే వచ్చిండు. అప్పుడు నాందేడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. మిల్లు భోంగా ఆగి ఏండ్లయింది. అప్పటినుంచి బాపు మాట తక్కువ, దగ్గు ఎక్కువ.

ఆ రోజు ఆయన అన్నడు: "బిడ్డా, ఆ పిలగాడు మోసం చెయ్యలే. నువ్వు రజాయి పంపలే, గాలి పంపినవ్. లారీల జాగకు కిరాయి కట్టాలె గదా."

తరువాత పత్తి బేలు సంగతి చెప్పిండు. ఒక బేలు 170 కిలోలు. జిన్నింగులో ప్రెస్సు కింద పెట్టి, ఇనుప పట్టీలు బిగించి కడతారు. బ్లోరూంలో ఆ పట్టీలు కోస్తే పత్తి పొంగి లేస్తుందట. "బేలు కట్టకుంట విడి పత్తి పంపితే లారీ నిండుతది, కాటా నిండది. గందుకే ప్రెస్సు కనిపెట్టిన్రు" అన్నడు.

ఆ లెక్క అప్పుడు నాకు అర్థమైంది. కొరియర్‌వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాటా బరువు, ఇంకోటి జాగా బరువు. ఏది ఎక్కువైతే దానికే పైసలు. పసుపు, పచ్చడి లాంటివి చిన్నగా ఉండి బరువుంటాయి, వాటికి కాటా బరువే పడుతుంది. రజాయీలు, కుర్డాయీలు జాగా తింటాయి, వాటికి టేపు బరువు పడుతుంది. 4 కిలోల కుర్డాయీలను 45, 35, 35 పెట్టెలో పెడితే 11 కిలోలు దాటుతుంది, కిలోల్లో పైకి సర్దితే 12 కడతాం. 5000 కూడా అందరిదీ ఒకటి కాదు. విమాన సరుకుకు 6000తో భాగించేవాళ్లున్నారు, 4000తో భాగించేవాళ్లూ ఉన్నారు. భాగించే అంకె చిన్నదైతే బిల్లు పెద్దదవుతుంది. కాబట్టి రేటు ఒక్కటే అడగొద్దు, "దేంతోని భాగిస్తరు?" అని కూడా అడగాలి.

మరునాడు పొద్దున ఇద్దరం పనికి దిగాం. రజాయీలు ఎండలో బాగా ఆరబెట్టి మడిచిన. తడి ఉండగా బిగిస్తే వాసన పడతాయి. రెండింటినీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన పలక వేసి, దాని మీద నేను మోకాళ్లతో కూసున్న. బాపు సుతిలి కట్టిండు. లేచి చూస్తే అంచులు సన్నగానే ఉన్నాయి, నడుమ మాత్రం పొంగింది. టేపు పెడితే 40, 35, 22. అంటే 6 కిలోల పైన, బిల్లు ఏడుకు పడుతుంది. ఎక్కడ ఎక్కువ ఉబ్బితే అక్కడే కొలుస్తారు మరి.

బాపు నవ్విండు. "బేలుకు ఒక్క పట్టీ ఉంటదా? వరుసగ ఉంటయి." ఈసారి నిలువుగా రెండు, అడ్డంగా మూడు కట్టి, పైన గోనెపట్టా కుట్టినం. ఎత్తు 14 సెంటీమీటర్లకు దిగింది. 40, 35, 14 గుణించి 5000తో భాగిస్తే నాలుగుకు కొంచెం తక్కువ. కాటా మీద 3 కిలోల 800. ఎట్ల చూసినా బిల్లు 4 కిలోలే, 240 రూపాయలు. అయిదు మూటలకు 1200. పెట్టెల్లో పంపితే అయ్యేదానికంటే 2400 తక్కువ.

మూటలు పట్టుకొని అదే దుకాణానికి పోయిన. ముందుగా ఆ పిల్లగానికి, "ఆ రోజు నోరు జారిన బాబూ, లెక్క తెలువక అన్న" అని చెప్పిన. వాడు సిగ్గుపడి, "నేను కూడ సమజ్ చేసి చెప్పలే మావశీ" అన్నడు. టేపు పెట్టిండు, నాలుగే వచ్చింది.

నాలుగు రోజులకు భివండి నుంచి ఫోన్. "రజాయీలు అప్పడాల లెక్క వచ్చినయేంది?" అని అడిగింది ఆ పెండ్లికూతురు తల్లి. నేను చెప్పేలోపే బాపు ఫోన్ గుంజుకున్నడు. "ఒక్క పూట ఎండల వేసి, కట్టెతోని మెల్లగ తట్టుండ్రమ్మా. పట్టీలు కోసిన పత్తి అట్లనే లేస్తది" అన్నడు.

సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది, లేచినయట. ఫీజు కిస్తు కట్టినం. ఇప్పుడు మా గల్లీలో ఎవరు పార్సిల్ కట్టాలన్నా ముందు మా ఇంటికే వస్తున్నారు, నా కోసం కాదు, బాపు కోసం. ఆయన టేపు మంచం తలాపునే పెట్టుకుంటున్నడు.