విశ్రాంతి దినములలో మఱల కలము

ఉద్యోగము చేయువారికి విరమణదినమొకటి యుండును. మన తెలంగాణమున 2021వ సంవత్సరమునుండి ప్రభుత్వోపాధ్యాయునకు 61 ఏండ్లు నిండగానే శాలువ కప్పి, పూలదండ వేసి యింటికి పంపుచున్నారు. మఱునాటి యుదయమున ఏమి చేయవలెనను ప్రశ్నయు ఆ శాలువతోడనే యింటికి వచ్చును.

మా మామగారికి అట్లే జరిగినది. నా భర్తవలె వారును బడిపంతులే. వయసులో నున్నపుడు ప్రతిరాత్రియు దినచర్య వ్రాసికొనెడివారట. పిల్లల చదువులు, పరీక్షల దిద్దుబాట్లు పైబడగా ఆ యలవాటు తప్పినది. విరమించిన రెండవ మాసమున పెట్టెలోని పాత పుస్తకమును వెలికిదీసి, మిగిలిన కాగితములలో మఱల వ్రాయ నారంభించిరి.

మొదట వ్రాసినదంతయు మోకాలినొప్పియు, కొలువులో పడిన కష్టములును. పదిదినములు చదివించుకొని విన్న మా అత్తగారు, నొప్పుల సంగతి వైద్యునికి చెప్పి, మనుమలు చదువదగినది వ్రాయుమనిరి. నాటినుండి మా ఖిలా వరంగల్లు ఆ కాగితములలోనికి వచ్చినది. కోట చూడవచ్చువారు నాలుగు కీర్తితోరణములను, ఖుష్‌మహలును చూచి పోవుదురు. 1323లో ఢిల్లీ సైన్యములు ప్రతాపరుద్రుని జయించిన కథ చరిత్రగ్రంథములలో నున్నది. కాని ఈ కోటగోడల నడుమ కాపురముండి కూరగాయలు పండించువారి బ్రదుకు ఏ శాసనమునందున్నది? ఏ బావి పూడినది, ఏ శిష్యుడు ఏ పనిలో కుదిరినాడు, ఇవియే మామగారు వ్రాయదొడగిరి.

ఇట్టి చిన్న సంగతుల విలువ ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర చదివినవారికి తెలియును. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఆయన, 1830 మే మొదలు 1831 సెప్టెంబరు వఱకు ప్రయాణము చేయుచు, త్రోవలు, నదులు, ఊళ్లు, ఆహారవస్తువులు దొరకు తీరు వ్రాసికొనిరి. 1838లో అచ్చుపడిన ఆ గ్రంథమున నాటి దేశస్థితి నేటికిని మన కన్నులకు గట్టును.

ఒకనాడు అత్తగారు నవ్వుచునే, “సారుకు పింఛను వచ్చె, నాకు పొయ్యి మిగిలె” ననిరి. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. నాకు మాత్రమా మాట మనసున నాటినది. నలుబదియేండ్లు వండి వడ్డించిన చేతికి విరమణదినము నెవరు నిర్ణయింతురు? మామగారు వ్రాసిన సంగతులలో సగము ఆమె నోటినుండి వచ్చినవే. ఎవరింట ఎప్పుడు తొట్టెల కట్టిరి, ఏ యేట తంగేడుపూవు చాలక బతుకమ్మను గునుగుపూవుతోనే పేర్చిరి, అన్నియు నామెకు కంఠస్థములు.

నేను చెప్పగా నా భర్త తండ్రిగారితో మాటాడి యొక యేర్పాటు చేసిరి. మధ్యాహ్నము మూడు మొదలు నాలుగు వఱకు ఆడవారికి వంటయింటినుండి సెలవు. ఆ వేళ టీ కావలసినవారు తామే కాచుకొనవలెను. తొలినాడు మామగారు పాలు పొంగించి పొయ్యి యార్పిరి. మూడవనాటికి చేయి కుదిరినది.

అత్తగారి కన్నులకు శుక్లములు కమ్మియుండుటచే ఆమె చెప్పగా నేను వ్రాయుచున్నాను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చూపు కోలుపోయియు స్వీయచరిత్రమును చెప్పి వ్రాయింపలేదా! “ఇవి గూడ రాస్తరా?” యని మొదట సిగ్గుపడిన యామె, ఇప్పుడు నేను తప్పువ్రాసిన పేళ్లను దిద్దుచున్నారు. శస్త్రచికిత్స యైన పిదప తానే వ్రాసెదనని పంతము పట్టియున్నారు.

గృహిణికి విరమణాజ్ఞ ఏ కచ్చేరినుండియు రాదు. భండారు అచ్చమాంబగారు బడికి పోకయే, తమ్ముని చదువుతోపాటు తామును చదువు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిరి. 1874లో జన్మించిన ఆమె 1905లోనే గతించిరి. తీరిక గల వార్ధక్యము వచ్చువఱకు వ్రాత నాపియుండినచో మనకా గ్రంథము దక్కియుండునా?

కావున, సోదరీమణులారా! బాల్యమున వ్రాసి విడిచినవారు మఱల మొదలిడుడు. పాలలెక్క వ్రాయు పుస్తకపు వెనుక కాగితమైనను చాలును. తేదీ వేసి, ఆనాడు చూచినది నాలుగు పంక్తులు వ్రాయుడు. ఇంట వృద్ధురాలున్నచో ఆమెకు గంటసేపు పని తప్పించి చెంత గూర్చుండుడు. ఆమెకు పింఛను మన మీయజాలము. ఆ గంట యీయగలము.