చక్రాన్ని తట్టి చూడటం

పాత కారు ఉన్న మనిషికి సలహాలకు కొదవ ఉండదు. అమ్మేయమని ఒకరంటారు. తుక్కు కింద తూకానికి వేయమని ఇంకొకరంటారు. నాది 1998లో కొన్న మారుతి 800. దాన్ని నేనే విప్పి, నేనే తుడిచి, నేనే బిగించుకుంటూ నడుపుతున్నాను. డబ్బు మిగుల్చుకోవడానికే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. డబ్బు మిగులుతున్న మాట నిజమే. కాని అసలు కారణం వేరు. అది చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

మాది శ్రీకాకుళం జిల్లా. అంత దూరం నుండి మావాళ్ళు బిలాస్‌పూర్ ఎందుకు వచ్చారని మీకు సందేహం కలగవచ్చు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తూర్పు తీరపు లైను కూడా వాల్తేరు దాకా దాని చేతికి వచ్చింది. 1955 నుండి ఆగ్నేయ రైల్వేలోనూ వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే గొడుగు కింద ఉండేవి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే విడిగా ఏర్పడింది. అప్పటిదాకా మా జిల్లాల వాళ్ళకు ఇక్కడికి బదిలీ అంటే ఒక ఇంటి గదిలోంచి మరో గదిలోకి మారడం లాంటిదే. నేనూ అలాగే వచ్చాను. ఉద్యోగ విరమణ తరువాత అర్పా నది అవతల, కోనిలో స్థిరపడ్డాను.

యార్డులో నా పని బండ్ల తనిఖీ. మమ్మల్ని టి.ఎక్స్.ఆర్.లు అనేవారు. కోర్బా వైపు నుండి బొగ్గుతో వచ్చిన బండి ఆగగానే, రాత్రయినా వానయినా, ఒక చేత్తో టార్చి, మరో చేత్తో సుత్తి పట్టుకుని ఈ చివర నుండి ఆ చివరి దాకా నడవాలి. ఆ రోజుల్లో చక్రాన్ని సుత్తితో తట్టి చూసేవాళ్ళం. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీట ఉన్నది పగిలిన కుండలా పలుకుతుంది. ఇరుసు పెట్టె మీద చేతి వెనుక భాగం ఆనించి వేడి చూసేవాళ్ళం. పక్కవాటికంటే ఒకటి వేడెక్కిందంటే లోపల బేరింగు చెడుతోందని అర్థం. అలాంటి వ్యాగనును ‘సిక్’ అని రాసి, బండి నుండి విడదీసి, సిక్ లైనుకు పంపేవాళ్ళం. లోపల సరుకు ఎవరిదో, ఎంత తొందరగా వెళ్ళాలో మేము అడిగేవాళ్ళం కాదు.

అందువల్ల మరమ్మతు అంటే నా దృష్టిలో చెడిపోయాక బాగు చేయడం కాదు. చెడకముందు చూడటం. ఆ చూడటాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం కష్టం. ఒకసారి ఊళ్ళో ఒక వర్క్‌షాపు వారు నా కారు ఇంజను వేడెక్కుతోందని రేడియేటరు మొత్తం మార్చాలని లెక్క రాసిచ్చారు. ఇంటికి తెచ్చి, చల్లారాక వేలితో తడిమి చూస్తే కింది గొట్టం క్లిప్పు వదులై కూలెంటు కారుతోంది. స్క్రూడ్రైవరుతో నాలుగు తిప్పులు తిప్పితే సరిపోయింది. వాళ్ళు మోసం చేశారని నేను అనను. వాళ్ళకు రోజుకు ఇరవై కార్లు. నాకు ఒకటే కారు.

ఇంజను పనులు పెద్ద కష్టమేమీ కాదు. 796 సి.సి. ఇంజను, మూడే సిలిండర్లు. నూనె మార్చడం, ప్లగ్గులు తీసి తుడవడం, బెల్టు బిగువు చూడటం వంటివి కొద్ది రోజుల్లో ఎవరికైనా పట్టుబడతాయి. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కనుక కూలెంటు మీద కన్ను వేసి ఉంచాలి. ఇంజను చెడితే కారు ఆగుతుంది, అంతే కదా. నేను భయపడేది కారు ఆగకపోవడం గురించి.

ఇక్కడ రైలుకూ కారుకూ ఉన్న ఒక తేడా చెబుతాను. రైలు బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. గొట్టం తెగి గాలి పోతే బ్రేకులు వాటంతట అవే పట్టుకుంటాయి. లోపం వస్తే బండి నిలుస్తుందన్నమాట. కారులో ఇది తలకిందులు. మనం పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌లో ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి చక్రం దగ్గరి చిన్న సిలిండర్లను నెడుతుంది. ఆయిల్ కారిపోతే నెట్టేదేమీ ఉండదు. కార్లలో రెండు విడి మార్గాలు పెట్టారు కనుక ఒకటి పోయినా రెండోది కొంత ఆదుకుంటుంది. అయినా యార్డులో పనిచేసిన నా మనసుకు ఇది ఎప్పుడూ కొంచెం తేడాగానే తోస్తుంది.

బ్రేక్ ఆయిల్‌కు ఇంకో గుణం ఉంది. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతం చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాటు రోడ్డు మీద దిగేటప్పుడు పదేపదే బ్రేకు తొక్కితే చక్రాల దగ్గర వేడి పెరుగుతుంది. తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది, కారు ఆగదు. ఆయిల్ డబ్బా నిండుగా ఉన్నా ఇది జరుగుతుంది. అందుకే ఎంత ఉందో చూస్తే చాలదు, ఎంత పాతదో తెలియాలి.

నేను రెండేళ్ళకొకసారి, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ జరిగే వారంలో ఆయిల్ మారుస్తాను. (ఆ పూజ రోజున రైల్వే షెడ్లలో సందడి చూడవలసిందే.) చిన్న సీసా, అదీ మూత విప్పనిది కొంటాను. కారు కింద దూరవలసివస్తే జాకీని నమ్మను. పాత సాల కర్ర స్లీపరు ముక్కలు నాలుగు పెట్టుకున్నాను. రైలు మోసిన కర్ర మారుతిని మోయదా! డ్రమ్ములోని పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడుస్తాను. పాతకాలం షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది.

గాలి తీసే పనికి మాత్రం ఇద్దరు కావాలి. డ్రైవరు సీటులో మా ఆవిడ కూర్చుంటుంది. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉండే వెనుక ఎడమ చక్రంతో మొదలు పెడతాం. నేను నిపిలుకు సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో ముంచుతాను.

“ఒత్తు.”

“ఒత్తానండి.”

“పట్టుకో.” నిపిలు విప్పుతాను. గోధుమరంగు ఆయిల్, దానితోబాటు బుడగలు వస్తాయి. మళ్ళీ బిగిస్తాను. “ఊఁ, వదులు.”

బిగించకముందే ఆవిడ కాలు తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. అందుకే మాట మీద మాట నడవాలి. మా పక్కింటి పిల్లలది ఛత్తీస్‌గఢీ. వాళ్ళకు వచ్చిన తెలుగంతా ఈ ‘ఒత్తు, పట్టుకో, వదులు’ మాత్రమే.

మా రోజుల్లో బండి కదలాలంటే బ్రేకు పవరు సర్టిఫికెట్ ఉండాలి. దాని మీద తనిఖీ చేసినవాళ్ళం, డ్రైవరు, గార్డు సంతకాలు చేసేవాళ్ళం. మా ఇంట్లో ఆ సంతకం మా ఆవిడ కాలు. పెడల్ రాయిలా ఉందని ఆవిడ అంటేనే పని అయినట్లు.

మొన్న దసరా సెలవులకు అమ్మాయి, అల్లుడు, మనవరాలు వచ్చారు. అందరం కారులో అమర్‌కంటక్ వెళ్ళాలనుకున్నాం. నూరు కిలోమీటర్లు దాటిన దారి, చివర్లో ఘాటు. ముందురోజు సాయంత్రం చక్రాలు విప్పి చూస్తే వెనుక ఎడమ డ్రమ్ములో షూ మీద తడి కనిపించింది. సిలిండరులోని రబ్బరు కప్పు అరిగి ఆయిల్ చెమ్మగిల్లుతోంది.

అల్లుడు వంగి చూశాడు. “పెడల్ గట్టిగానే ఉంది కదా మామయ్యగారూ! నెమ్మదిగా వెళ్ళొద్దాం.”

“ఇవాళ గట్టిగానే ఉంది బాబూ. దిగేటప్పుడు ఉంటుందో లేదో నేను చెప్పలేను.”

మనవరాలు ఏడ్చింది. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. కాని కారును సిక్ అని రాశాక బేరం లేదు. వాళ్ళు మరునాడు రైల్లో పెండ్రా రోడ్డు దాకా వెళ్ళి, అక్కడి నుండి జీపు మాట్లాడుకుని పైకి వెళ్ళారు.

నేను ఇంట్లో ఉండిపోయాను. స్టీరింగు, వెల్డింగు, మాస్టర్ సిలిండరు జోలికి నేను పోను. అవి కోనిలోనే ఐ.టి.ఐ. చదివిన ఒక కుర్రవాడికి అప్పజెబుతాను. నన్ను “కకా” అని పిలుస్తాడు, పని చూపించి మరీ చేస్తాడు. వెనుక సిలిండరు కప్పులు మాత్రం నా చేతి పనే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా ఈ సామాను ఊళ్ళో దొరుకుతోంది. ఆయిల్ పీల్చిన షూను కడిగి వాడకూడదు కనుక రెండు వైపులా కొత్త షూలు వేశాను. ఒకవైపే మారిస్తే కారు పక్కకు లాగుతుంది.

ఈ బండి మీద ఖర్చు పెడుతూనే ఉంటారా అని అల్లుడు ఫోనులో అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పదిహేనేళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను తిరగరాయించాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000 అయింది. 2023లో నేను అది కట్టాను. ఈసారి గడువు వచ్చేనాటికి నేల రేకు తుప్పు ఎంత దూరం పాకిందో చూసి నిర్ణయిస్తానని చెప్పాను.

సాయంత్రం మా ఆవిడ పెడల్ తొక్కి “రాయే” అంది. ఇంజనీరింగు కళాశాల దాకా నెమ్మదిగా నడిపి, నాలుగైదు చోట్ల ఆపి చూసి, తిరిగి వచ్చాను. గేటు ముందు దిగి ఒక్కొక్క చక్రం దగ్గర చేతి వెనుక భాగం పెట్టి చూశాను. ముందువి రెండూ ఒకే వేడి. వెనుకవి రెండూ ఒకే వేడి.