అస్సుక్కర్ నుండి అసూకర్ దాకా

స్పెయిన్‌వారు చక్కెరను అసూకర్ అంటారు. మన అరబీ 'అస్సుక్కర్' అదే. బియ్యం అర్రోస్, పత్తి అల్గొదోన్. అరబీ ఉపపదంతో సహా అక్కడ నాటుకొన్న మాటలివి. 'ఒహలా' అని ఆశపడే స్పెయిన్‌వాసి తనకు తెలియకయే అల్లాహ్ నామం పలుకుతున్నాడు. క్రీ.శ. 711 మొదలు 1492 వరకు ఆ దేశంలో ఏదో ఒక భాగాన ముస్లిముల పాలన సాగినది.

బాల్కొండలో మా వద్ద ఖుర్ఆన్ నేర్చిన ఒక అమ్మాయి హైదరాబాదు ఇఫ్లూలో స్పానిష్ ఎం.ఏ. చదువుతున్నది, అధ్యాపకురాలు కావాలని కోరిక. చెరకు మాని పసుపు వేసిన ఆమె తండ్రి, "ఈ భాష మనకు అక్కరకొస్తుందా మౌల్వీసాబ్? సంబంధాలు వస్తున్నాయి" అన్నారు. అరబీ వచ్చిన బిడ్డకు అందులోని ఎన్నో మాటలు పాత పరిచయాలేనని మేము చెప్పాము. ఎం.ఏ. తరువాత యూజీసీ నెట్ ఉన్నది. అందులో స్పానిష్ కూడా ఒక విషయమే. రెండేండ్లు ఆగమన్నాము. ఆయన ఒక్క ఏడాదికి ఒప్పుకొన్నారు.