పెదవి చివరి పుండు

శీతకాలం వచ్చిందన్న సంగతిని దేహంలో అన్నిటికంటే ముందు గ్రహించేవి పెదవులు. చర్మాన్ని మెత్తగా ఉంచే తైలగ్రంథులు పెదవుల ఎర్రని భాగంలో దాదాపు ఉండవు. అందువల్ల చలిగాలికి అవి త్వరగా ఎండిపోతాయి. ఎండిన పెదవిని నాలుకతో తడపడం, ఆ తడి ఆరేటప్పుడు పెదవి మరింత పగలడం, లేచిన పొరను గోటితో లాగడం చాలామందికి తెలియకుండానే అలవాటవుతుంది.

కళాశాల వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని చేసిన పని కూడా ఇదే. ప్రయోగ పరీక్షలు దగ్గరపడిన జనవరిలో, పుస్తకం ముందు ఆలోచనలో పడి, కింది పెదవి చివర లేచిన పొరను గిల్లివేసింది. చుక్క నెత్తురు వచ్చింది. మూడోనాటికి అక్కడ వాపు, మంట, తేనెరంగు పక్కు. ఫోనులో ఆ మాట విన్న అమ్మమ్మ, “కాస్త నెయ్యి రాసుకో తల్లీ, అదే మానుతుంది” అన్నది. గదిలోని స్నేహితురాలు సగం వాడిన ఒక ట్యూబు తీసి ఇచ్చి, “మా అన్నయ్యకు తామర వస్తే ఇదే రాశాం. రెండు రోజుల్లో పోయింది” అని ధైర్యం చెప్పింది.

నేతివల్ల వచ్చే ముప్పు లేదు. ట్యూబు సంగతి వేరు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు శిలీంధ్రాలను చంపే మందు, స్టెరాయిడ్ కూడా కలిసి ఉన్నాయి. స్టెరాయిడ్ ఎరుపును, వాపును అణచి, జబ్బు పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. ఆ చాటున సూక్ష్మజీవి పెరుగుతూనే ఉండవచ్చు. చర్మానికి పూసే 14 స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వం నిబంధన విధించింది. అయినా అటువంటి ట్యూబులు బంధువుల మధ్య, స్నేహితుల మధ్య చేతులు మారుతూనే ఉన్నాయి.

మరునాడు ఆమె వైద్యురాలి వద్దకు వెళ్లింది. మందు రాయడానికి ముందు ఆ వైద్యురాలు ప్రశ్నలు వేసింది. మొదట నీటిపొక్కులు గుంపుగా లేచాయా? లేస్తే అది హెర్పిస్ వైరస్ పని కావచ్చు, దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. నోటి రెండు మూలలూ పగిలాయా? పగిలితే శిలీంధ్రమో, బి విటమిన్ లోపమో, రక్తహీనతో చూడాలి. ఒకేచోట, గాయం మీద తేనెరంగు పక్కు కట్టిందంటే స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియాను అనుమానించాలి.

“చిన్నదేనమ్మా, మాత్రలు అక్కర్లేదు. పైపూత చాలు” అంటూ ఆమె మ్యుపిరోసిన్ 2 శాతం మలాము రాసింది. పైపూత మందు పుండు ఉన్నచోటనే గాఢంగా నిలుస్తుంది. రక్తంలోకి చేరేది బహు స్వల్పం. గోరువెచ్చని నీటితో పక్కును నానబెట్టి మెల్లగా తీయాలి. రోజుకు మూడుసార్లు పలుచగా, అయిదు రోజులు పూయాలి. పూసే ముందూ తరువాతా చేతులు కడగాలి. తువాలు ఎవరితోనూ పంచుకోరాదు. “చీము పట్టినా నొక్కవద్దు. వాపు కంటివైపు పాకితే, జ్వరం వస్తే ఆ క్షణమే రావాలి” అని ఆమె హెచ్చరించింది. ముక్కుకు, నోటి మూలలకు నడుమనున్న ప్రాంతపు సిరలకు కపాలం లోపలి సిరలతో సంబంధం ఉంది.

గోరంత పుండుకు ఇంత హెచ్చరిక ఎందుకని అనిపించవచ్చు. ఇంగ్లండులో 43 ఏళ్ల ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు మొదలైనదీ నోటి మూల పుండే. గులాబీ ముల్లు గీసుకున్నదని చాలాకాలం చెప్పుకొన్నారు. బాంబుదాడిలో తగిలిన గాయమని తరువాత ఆయన కుటుంబం తెలిపింది. సల్ఫా మందు పనిచేయలేదు. ముఖమంతా, తలమీద చీము గడ్డలు లేచి, ఒక కన్ను తొలగించవలసి వచ్చింది. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ బృందం ఆయనకు పెనిసిలిన్ ఎక్కించింది. కొద్ది రోజుల్లోనే జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. కాని ప్రపంచంలో ఉన్న ఆ కాస్త మందు అయిదు రోజుల్లో అయిపోయింది. రోగి మూత్రం నుంచి సైతం మందును తిరిగి వెలికితీసి వాడారు, అదీ చాలలేదు. మార్చి 15న ఆయన మరణించాడు.

ఏడేళ్లు గడిచేసరికి, 1948లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నాడు. మ్యుపిరోసిన్ కూడా ఒక బాక్టీరియా నుంచి లభించినదే. అవసరం లేనిచోట, తోచినన్నాళ్లు వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయి. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఆ ప్రమాదాన్ని ప్రస్తావించాడు.

వసతిగృహంలో మూడోనాటికే పక్కు రాలింది. చెప్పిన అయిదు రోజులూ పూసి, విద్యార్థిని ట్యూబుకు మూత బిగించింది. స్నేహితురాలు ఇచ్చిన ట్యూబును మొదటిరోజే వెనక్కి ఇచ్చివేసింది. ఆదివారం అమ్మమ్మ ఫోను చేసి, “నెయ్యి రాశావా?” అని అడిగింది.

“రాశాను అమ్మమ్మా, పుండు మానాక” అన్నది మనుమరాలు.