ముత్యాల ఊళ్లో మన సుబ్బారావు!

న్యూయార్క్ వెళ్లిన తెలుగువాళ్లు లిబర్టీ విగ్రహం చూస్తారు. టైమ్స్ స్క్వేర్‌లో ఫొటోలు దిగుతారు. తీరిక ఉంటే నయాగరాకూ వెళ్లొస్తారు. దగ్గర్లోనే ఉన్న పెర్ల్ రివర్‌కు వెళ్లేవాళ్లు మాత్రం తక్కువే. నిజానికి మనవాళ్లు తప్పకుండా చూడాల్సిన ఊరది!

హోబోకెన్‌లో పాస్కాక్ వ్యాలీ రైలెక్కితే, న్యూజెర్సీ దాటగానే వచ్చే తొలి స్టేషన్ ఇదే. ఐరిష్ కుటుంబాలు ఎక్కువ. మార్చిలో సెయింట్ పాట్రిక్ ఊరేగింపు వచ్చిందంటే వీధులన్నీ పచ్చరంగే. ఒకప్పుడు ఇక్కడి వాగులో ముత్యాలు దొరికాయట... అందుకే ఆ పేరు అంటారు. ఊరికి ఖ్యాతి తెచ్చినవి మాత్రం మందులు. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్‌గా పనిచేసిన ఎర్నెస్ట్ లెడర్లీ 1906లో ఇక్కడ ప్రయోగశాల పెట్టారు. డిఫ్తీరియా విరుగుడు కోసం అందులో గుర్రాల్ని పెంచేవారు.

1940లో ఆ లెడర్లీ సంస్థలో చేరారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పటికే హార్వర్డ్‌లో దాదాపు పదిహేడేళ్లు పనిచేశారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ గుర్తించారు. అయినా శాశ్వత స్థానం దక్కలేదు.

పెర్ల్ రివర్‌లో దశ తిరిగింది. స్ప్రూ వ్యాధికి ఇద్దరు సోదరుల్ని పోగొట్టుకున్న ఆయన, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీపై పట్టుబట్టారు. 1945లో ఆయన బృందం దాన్ని సాధించింది. ఆ తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను రూపొందించింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా సోకిన పదహారు మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయొచ్చన్న ఆశ అక్కడే చిగురించింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

ఫార్బర్ ఫలితాలు వెలువడింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53!

లెడర్లీ చేతులు మారి చివరికి 2009లో ఫైజర్ సొంతమైంది. 2020లో కొవిడ్ టీకా పరిశోధన జరిగిన చోట్లలో పెర్ల్ రివర్ కూడా ఒకటి.

భార్యను ఇక్కడే ఉంచి 1920ల మొదట్లో ఓడెక్కిన సుబ్బారావు మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన పరిశోధన మాత్రం వచ్చింది. బోదకాలు పీడించిన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర... పెర్ల్ రివర్‌లో ఆయన బృందం కనిపెట్టిన మందే!