నీడ చూపిన దిక్కు

సగటున రోజుకొక్కసారి ఒక మహా విస్ఫోటనపు కాంతి మన భూమిని తాకి వెళుతూ ఉంటుంది. మనలో ఎవరమూ దానిని చూడము. అది కంటికి కనబడే వెలుగు కాదు. అత్యధిక శక్తి గల గామా కిరణాల వెల్లువ. మన వాతావరణం ఆ కిరణాలను నేల దాకా రానివ్వదు. ఆ రక్షణ వల్లనే మనం సుఖంగా ఉన్నాము. ఆ రక్షణ వల్లనే 1960ల దాకా ఈ విస్ఫోటనాల సంగతి మానవజాతికి తెలియకుండా ఉండిపోయింది కూడా.

తెలిసిన తీరు విచిత్రమైనది. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి వాతావరణంలోనూ, అంతరిక్షంలోనూ, నీటి అడుగునా అణుపరీక్షలు జరపరాదని ఒడంబడిక చేసుకున్నాయి. ఒడంబడిక కుదిరింది గాని నమ్మకం కుదరలేదు. ఎదుటివారు రహస్యంగా బాంబు పేలుస్తారేమోనని అమెరికా 'వేలా' అనే ఉపగ్రహాలను లక్ష కిలోమీటర్లకు పైగా ఎత్తున కాపలా పెట్టింది. 1967 జూలై 2న అవి ఒక గామా మెరుపును నమోదు చేశాయి. దాని తీరు బాంబు తీరులా లేదు. లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన రే క్లీబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, రాయ్ ఓల్సన్ తొందరపడలేదు. మరిన్ని మెరుపులు పోగయ్యేదాకా ఓపిక పట్టి, 1973లో 16 విస్ఫోటనాల వివరాలతో వ్యాసం ప్రకటించారు. అవి భూమి నుండి గాని, సూర్యుని నుండి గాని వచ్చినవి కావని చెప్పి, అంతకు మించి తెలియనిదానిని తెలిసినట్టు చెప్పక ఆగారు.

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే నన్ను పిల్లలు తరచూ అడుగుతారు: ఆ మెరుపు ఏ దిక్కు నుండి వచ్చిందో వారికి ఎలా తెలిసింది? అప్పుడు వారికి మా మస్జిద్ సైరన్‌ను గుర్తు చేస్తాను. రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళ ఆ సైరన్ మోగితే, ధ్వని పక్కింటికి ముందు చేరుతుంది. కిలోమీటరు దూరాన చెరువుగట్టు మీద ఉన్న ఇంటికి సుమారు మూడు సెకన్ల తరువాత చేరుతుంది. మస్జిద్ ఎక్కడుందో తెలియనివాడు సైతం, సరైన గడియారాలు పట్టుకున్న నలుగురిని నాలుగు చోట్ల నిలబెట్టి, ఎవరికి ముందు వినబడిందో రాసుకుంటే, ధ్వని వచ్చిన దిక్కును లెక్క కట్టగలడు. ఉపగ్రహాలతో చేసిందీ అదే. రెండు ఉపగ్రహాల మధ్య కాలభేదం ఆకాశంలో ఒక వలయాన్ని గీస్తుంది. మూడవది ఆ వలయాన్ని రెండు బిందువులకు కుదిస్తుంది. నాలుగవది వాటిలో ఏది నిజమో తేల్చుతుంది.

దిక్కు తెలిసినంత మాత్రాన దూరం తెలియదు. 1991లో ప్రయోగించిన కాంప్టన్ గామా కిరణ వేధశాల తొమ్మిదేళ్ళలో 2,704 విస్ఫోటనాలను నమోదు చేసింది. అవి పాలపుంత పట్టీ వెంబడి గుమికూడక, ఆకాశమంతటా సమానంగా పరచుకొని ఉన్నాయి. అయినా శాస్త్రజ్ఞుల వాదం తెగలేదు. పొయ్యి ఆరినా నివురు కింద నిప్పు మిగిలినట్లు, గామా మెరుపు ఆరిన తరువాత ఎక్స్ కిరణాల్లో, మామూలు కాంతిలో ఒక మలికాంతి మిగలాలని కొందరు ఊహించారు. ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల 'బెప్పోసాక్స్' ఉపగ్రహం 1997 ఫిబ్రవరి 28న దానిని పట్టుకుంది. అదే సంవత్సరం మే నెలలో మెరిసిన మరొక విస్ఫోటనపు మలికాంతిని హవాయి దీవిలోని కెక్ దూరదర్శినితో విశ్లేషించగా, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలిదని తేలింది. ముప్పై ఏళ్ళ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఈ పనిలో పేరుపొందినది 2004 నవంబరు 20న ప్రయోగించిన 'స్విఫ్ట్' వేధశాల. మామూలు అద్దాలు గామా కిరణాలను ఒకచోటికి కూర్చలేవు. అందుచేత ఆ యంత్రం పైభాగాన యాభై వేలకు పైగా చిన్న చిన్న సీసపు బిళ్ళలను అడ్డదిడ్డంగా అమర్చారు. కింద 32,768 గ్రాహకాలు ఉన్నాయి. మెరుపు వచ్చినప్పుడు బిళ్ళల నీడ గ్రాహకాల మీద పడుతుంది. నీడ ఎటు, ఎంత జరిగిందో గణించి, మెరుపు ఎక్కడిదో యంత్రం కొద్ది సెకన్లలో గ్రహిస్తుంది. సుమారు నిమిషంన్నరలో తనంత తానే అటు తిరిగి తన ఇతర దూరదర్శినులతో చూస్తుంది.

ఈ సంగతి మా అబ్బాజాన్‌కు చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. నలభై ఏళ్ళు ముఅజ్జిన్‌గా సేవ చేసిన మనిషి. గోడగడియారం చెడిన రోజుల్లో మస్జిద్ ఆవరణలో కర్ర పాతి, దాని నీడను కొలిచి జుహర్, అసర్ వేళలను నిర్ణయించేవారు. "నీడ అబద్ధం చెప్పదు, కొలిచేవాడు శ్రద్ధగా ఉండాలి" అన్నారు.

ఇదంతా మా ఇంట్లో చర్చకు రావడానికి కారణం మా అమ్మాయి. ఇంటర్మీడియట్ ముగించి, హైదరాబాదులో భౌతికశాస్త్రం, ఆపైన ఖగోళశాస్త్రం చదువుతానంది. "దీనివల్ల ఏం లాభం తమ్ముడూ?" అని మా ఆపా అడిగింది. ఆ మాటను తేలికగా తీసివేయడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరిని చదివించే స్తోమత ఇంట్లో లేనందున ఆమె పదవ తరగతితో బడి మానింది. నా చదువు సాగింది. లాభనష్టాలు అడిగే హక్కు మా ఇంట్లో ఆమెకున్నంత మరెవరికీ లేదు. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువని, చదువు సుదీర్ఘమని దాచకుండా చెప్పాను.

జవాబు చెప్పే పని మా అమ్మాయే చేపట్టింది. ఫూఫీ పక్కన కూర్చుని 2017 ఆగస్టు 17 నాటి సంగతి చెప్పింది. పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. ముందు గురుత్వ తరంగం భూమిని చేరింది, 1.7 సెకన్ల తరువాత గామా మెరుపును 'ఫెర్మీ' ఉపగ్రహం నమోదు చేసింది. అలాంటి ఢీకొనుటలలో బంగారం వంటి బరువైన మూలకాలు పుడతాయని ఆ తరువాతి పరిశీలనలు బలపరిచాయి. మన శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన 'ఆస్ట్రోశాట్' సైతం ఇటువంటి మెరుపులను వందలాదిగా నమోదు చేసిందని కూడా చెప్పింది.

ఆపా అంతా విని, "మెరుపు రాత్రివేళ వస్తే?" అంది. వంతులవారీగా శాస్త్రజ్ఞులు సిద్ధంగా ఉంటారనీ, అర్ధరాత్రి సందేశం వచ్చినా లేచి పనిలో కూర్చుంటారనీ అమ్మాయి వివరించింది. "అబ్బాజాన్ ఫజర్ అజాన్‌కు లేచినట్టే అన్నమాట" అని ఆపా కొంతసేపు మౌనం వహించింది. తరువాత, "వెళ్ళనీ. కాని హాస్టలు నేను చూసి వచ్చాకే" అంది. చూసి వచ్చింది కూడా. వార్డెన్‌తో ఒక పూట మాట్లాడి, కిటికీ గడియలు స్వయంగా లాగి పరీక్షించింది. అమ్మాయి ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఉంది. ఆపా దిగులు తీరిపోలేదు. వారానికి రెండుసార్లు ఫోను చేస్తుంది. మెరుపులేమైనా వచ్చాయా అని కూడా అడుగుతుంది.

పాఠకులకు ఒక విన్నపం. నక్షత్రాల చదువు మన ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన నక్షత్ర పట్టికలో తన వంతు ఆకాశాన్ని కొలిచి ఇచ్చింది. మీ ఇంట్లో ఏ బిడ్డయినా ఇటువంటి చదువు కోరితే, ఉద్యోగాల సంగతి, ఖర్చు సంగతి దాపరికం లేకుండా మాట్లాడండి. అయితే దానికి ముందు, అసలు తాను ఏమి తెలుసుకోదలచిందో ఆ బిడ్డ నోటనే ఒక సాయంత్రం తీరికగా వినండి.